చివరిదాకా విన్నవాళ్ళు

భుజంగరావు ఉపన్యాసాన్ని చివరిదాకా విన్నవాళ్ళు ఆ రోజు వరకూ ఈ భూమ్మీద లేరు. ఈ మాట ఆయనే చెప్పుకుని నవ్వేవాడు.

ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ లెక్చరర్‌గా చేశాడు. హాజరు పలకగానే సగం క్లాసు కిటికీలోంచి దూకేసేది. ఇంట్లో భార్య ఛాయాదేవి సరేసరి. "చారులో ఉప్పు సరిపోయిందా అంటే యురేనియం గురించి చెప్తారేంటండీ?" అని టీవీ సౌండు పెంచేది.

అది 2006. పేపర్ల నిండా అణు ఒప్పందమే. సర్జాపుర రోడ్డులో తాముండే అపార్ట్‌మెంట్లకి ఆయనే సెక్రటరీ. మర్నాడే మళ్ళీ ఎన్నిక. గెలుపు రెండు ఓట్ల దగ్గర ఊగుతోంది. ఆ రెండు ఓట్లూ, అంటే మూడో అంతస్తు ఫాతిమా, నాలుగో అంతస్తు శశిధర్, పొద్దున్నే ఆఫీసు బ్యాగులతో ఆయన ఎదుటే నిలబడి ఉన్నాయి. పక్కన చీపురుతో పనిమనిషి ఈరమ్మ.

జన్మకో శివరాత్రి! భుజంగరావు గొంతు సవరించుకున్నాడు.

"బొగ్గూ డీజిలూ అంతా పొగే! థర్మల్ కేంద్రాలన్నీ మూసేసి అణు విద్యుత్తు తెచ్చుకోవాలి. గుప్పెడు యురేనియం ఉంటే గూడ్సు బండ్ల కొద్దీ బొగ్గు మానేయొచ్చు."

వాచీలు చూసుకున్నారు గానీ ఎవరూ కదల్లేదు. శశిధర్ సెల్‌ఫోన్ తీశాడు. అయిపోయింది మన పని, అనుకున్నాడు భుజంగరావు.

"సిగ్నల్ లేదు. మీరు కంటిన్యూ చెయ్యండి సార్," అని శశిధర్ ఫోన్ జేబులో పెట్టేశాడు.

గనుల్లో బొగ్గుపొడి పీల్చేవాళ్ళ గురించి చెబుతుంటే ఫాతిమా కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకూ ఊపిరాడట్లేదు సార్."

ఎంత సున్నితమైన మనసు! భుజంగరావుకే కళ్ళు చెమర్చాయి.

"ఆ అణువు కరెంటు వచ్చేదానికి ఎన్నాళ్ళు పడతాదప్పా?" ఈరమ్మ అడిగింది.

"కట్టడానికే పదేళ్ళు. ఓపిక పట్టాలమ్మా."

"పట్టక చేసేదేముంది సార్," అని శశిధర్ గోడకి చేరగిలబడ్డాడు.

ముప్పావు గంట! ముప్పై ఏళ్ళలో దక్కని శ్రోతలు ఇవాళ దక్కారు. ఇక ఆగలేక అడిగేశాడు. "మరి రేపు ఓటు నాకేనా?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అంతలో పైనుంచి వాచ్‌మన్ పెద్దమునియప్ప కేక వినిపించింది: "సార్, కరెంటు వచ్చేదానికి ఇంకా గంట పడతాదంట, డీజిల్ పొగ వద్దని మీరే పోయిన వారం జనరేటర్ అమ్మిస్తిరి కదా, అందాకా మీ నలుగురూ ఆ లిఫ్టులోనే ఉండాల!"