అరవంలోనే పెట్టు

“ఇది కాదు. అరవంలో పెట్టు,” అన్నాడు హజరత్తయ్య, అన్నం కంచం పక్కకు తోసి.

గిరిబాబు రిమోట్ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. వారంలో ఈ మాట వినడం ఇది ఐదోసారి. టీవీలో లావుపాటి తండ్రి, పొడుగు మెడ తల్లి, ముగ్గురు పిల్లలు, వాళ్ళు పెంచుకునే బాతు. ఇరవై ఏళ్ళుగా ఆ బొమ్మల కుటుంబం సాయంత్రం ఏడు గంటలకల్లా ఈ ఇంట్లోకి వస్తూనే ఉంది. ఆ పిల్లలకు ఒక్క ఏడూ మీద పడలేదు. గిరిబాబుకు మాత్రం చెవుల పక్కన జుట్టు నెరిసింది.

“నాయనా, అరవం నీకు అర్థం కాదు గదా. పక్కన కూచుని చెప్పడానికి అమ్మ లేదు. అందుకే గదా నేను తెలుగొచ్చే బాక్సు పెట్టించింది.”

“నేను అడిగినానా?”

అడగలేదు. ఆయన ఏదీ అడగడు. అదే గిరిబాబు బాధ.

ఆదిశేషమ్మ పోయి నలభై రోజులైంది. ఆమె ఉన్నప్పుడు ఆ అరగంటే ఆయన అన్నం వేళ. కోట ఊరి కేబుల్లో ఆ చానెల్ అరవంలోనే వచ్చేది. ఆమె పుట్టిల్లు తడ, అరవదేశం పొలిమేర. మొగుడి పక్కన పీట వేసుకుని, “ఇప్పుడేమంటున్నాడంటే...” అంటూ ఒక్కో మాటా తెలుగులో చెబుతుంటే, ఆయన తెర మీంచి చూపు తిప్పకుండా కంచం ఖాళీ చేసేవాడు. ఇప్పుడు రెండు ముద్దలు కూడా దిగడం లేదు. ఇంకో రెండు కిలోలు తగ్గితే ఆస్పత్రిలో చేర్చి సెలైన్ పెట్టాల్సిందేనని గూడూరు డాక్టరు చెప్పేశాడు.

“మామయ్యా, చేపల పులుసు చల్లారితే నీచు కొడతాది. కాస్త తినండి,” అంది వంటింట్లోంచి కోడలు ఉషారాణి.

“తింటాలేమ్మా.”

తినలేదు.

గిరిబాబు గొంతు తగ్గించి బతిమాలాడు. “చూడు నాయనా, పానకాలు వచ్చినాడు.”

“వాడు పానకాలు కాదంట గదా. జార్జి అంట.”

నిజమే. ఆదిశేషమ్మ చెప్పినన్నాళ్ళూ ఆ లావుపాటి మనిషి పానకాలు. వాడికి రొయ్యల గుంటలు. తెర మీద గిరగిరా తిరిగే చక్రాలు ఆమె మాటల్లో గుంటలో నీళ్ళు చిలికేవి. తెలుగులో చూస్తే వాడు జార్జి, ఐస్‌క్రీం ఫ్యాక్టరీలో పని.

“అమ్మ మనకు తెలిసేటట్టు పేర్లు మార్చి చెప్పుంటాది. కథ మాత్రం అదే గదా.”

“అదేనా? చూడు మరి.”

తెర మీద పొడుగు మెడ తల్లి గుమ్మానికి అడ్డంగా చేతులు చాచి నిలబడింది. లావుపాటి మొగుడు తల వంచుకుని వాకిట్లో ఉన్నాడు. గిరిబాబుకు చప్పున గుర్తొచ్చింది. తను ఇంటర్లో లెక్కలు తప్పిన రోజు వచ్చిన కథ ఇదే. ఆ పూట హజరత్తయ్య బెల్టు తీసి కుర్చీ మీద పెట్టుకుని మరీ అన్నానికి కూచున్నాడు.

“ఇది నేను చూసినాను, ఉషా. ఇప్పుడు విను. ‘పిల్లోణ్ణి కొట్టబాక. వాడు ఇప్పటికే చచ్చేంత భయపడి ఉన్నాడు. నువ్వు గూడా వాడి పక్కన లేకపోతే ఎట్లా’ అంటాది మొగుడితో. అమ్మ చెప్పిన మాట ఇప్పటికీ మరిచిపోలా.”

ఉషారాణి గరిటె పట్టుకునే వచ్చి నిలబడింది.

“కారుకు రంగు వేయించకుండా ఈ గడప తొక్కావో, చూడు!” అని అరిచింది తెర మీద తల్లి.

ఉషారాణి మొగుడి వంక చూసి, లోపలికి పోయింది. గిరిబాబుకు ఒళ్ళు మండింది. వెంటనే కేబుల్ హెన్రీకి ఫోన్ చేశాడు.

“ఏందయ్యా హెన్రీ, ఈ తెలుగు? పిల్లోడి చదువు మాట్లాడాల్సిన చోట కారు రంగు మాట్లాడుతున్నారే.”

“సార్, నేను వైరు లాగేవోణ్ణి. బొమ్మలకు మాటలు నేను నేర్పినానా?” అన్నాడు హెన్రీ. “అరవం ఉన్నన్నాళ్ళూ తెలుగు లేదని తిట్టినారు. తెలుగు తెచ్చిపెడితే తప్పులు దిద్దుతా ఉండారు. మీ బడి అయ్యోర్లకు ఇంట్లో గూడా ఎర్రపెన్ను జేబులోనే ఉంటాదా?”

“అది కాదయ్యా...”

అవతల ఫోన్ పెట్టేశాడు.

గిరిబాబు అలమర తెరిచి తెల్లకాగితం తీశాడు. చానెల్ వాళ్ళకు ఉత్తరం రాయాలి. బొమ్మ చూడకుండానే మాటలు రాసి పారేస్తే, వాటిని నమ్ముకుని అన్నం తినే ముసలివాళ్ళు ఏమైపోవాలి? తేదీ వేశాడు. ‘అయ్యా’ అని రాసి, ఆపై వాక్యం కుదరక ఆగిపోయాడు.

“రాయబాక,” అన్నాడు హజరత్తయ్య. “వాళ్ళ తప్పేం లేదు.”

“ఎట్లా లేదు? అమ్మ చెప్పింది ఒకటి, వీళ్ళు చెప్పేది ఒకటి.”

“అరవంలో గూడా ఆ పొడుగు మెడామె కారు రంగు గురించే తిట్టింది.”

గిరిబాబు పెన్ను పక్కన పెట్టాడు. “నీకెట్లా తెలుసు?”

ముసలాయన రిమోట్ అందుకుని, మీటలు తడిమి నొక్కాడు. గదిలో అరవం మోగింది. కంచం దగ్గరికి లాక్కున్నాడు. పులుసు కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. తెర మీద తల్లి ఇంకా చేతులు చాచే ఉంది. ఆయన నిదానంగా నమిలి, మింగి, ఇంకో ముద్ద కలిపాడు.

“పెళ్ళికి ముందు ఆరేళ్ళు మద్రాసు హార్బర్లో మూటలు మోసినాను. కూలికి పోయినానంటే పిల్లనివ్వరని మా నాయన ఆ మాట ఎవురికీ చెప్పనీలా,” అన్నాడు తెర మీంచి చూపు తిప్పకుండా. “నాకు అరవం బాగా వచ్చు. రానిది మీ అమ్మకే.”