మందు వాసన

పసిపిల్లలను తన ఇంట్లోనే పగలంతా చూసుకునే ఆమె, బొద్దింకలకు మందు కొట్టడం మానేసింది. సింకు కింద కారే పైపు బిగించి, గోడ పగుళ్లు పూడ్చి, చెత్తబుట్టకు మూత పెట్టింది. బొద్దింకలు పోయాయి.

"పిన్నిగారూ, ఈమధ్య మీ ఇంట్లో మందు వాసనే లేదేంటండీ?" చంటివాణ్ణి ఎత్తుకుని వచ్చిన తల్లి గుమ్మంలోనే అడిగింది.

"పురుగులే లేవు, ఇంక మందెందుకమ్మా? మీవాడు నేలంతా నాకేస్తాడు కదా!"

"అదేనండీ నా భయం. పక్కవీధి ఆవిడ ఇంట్లో అడుగు పెడితే చాలు, మందు వాసనకు ముక్కు అదిరిపోతుంది. అంత శుభ్రం! రేపటినుంచి వీణ్ణి అక్కడే వదులుదామనుకుంటున్నా."

ఎంత చెప్పినా తల్లి వినలేదు. వాణ్ణి ఆ మందు నేల మీద పాకకుండా ఆపడానికి పిన్నిగారికి ఒక్క దారే తోచింది. "రేపొక్కరోజు ఇక్కడికే తీసుకురామ్మా," అని బతిమాలింది.

మర్నాడు పొద్దున్నే అటక మీది పాత డబ్బా దించి, పిల్లలెవరూ పాకని చోటని, గుమ్మం బయట కాళ్లు తుడుచుకునే పట్టా మీద మాత్రమే మందు కొట్టింది.

తల్లి వచ్చి గుండెల నిండా గాలి పీల్చింది. "అమ్మయ్య! ఇప్పుడు శుభ్రంగా ఉంది పిన్నిగారూ," అంటూ, ఏనాడూ గుమ్మంలో చంకలోంచి దించని పిల్లవాణ్ణి నిశ్చింతగా ఆ పట్టా మీదే దించింది.

తలుపు తీసిన ఆమె చేతులు చాచేలోపే, వాడు నవ్వుతూ పట్టా మీద తడిసిన అరచేతిని నోట్లో పెట్టుకున్నాడు.