గుండు – అహం

“కంట్రోల్ గ్రూపు యాడమ్మా?” అంటూ ప్రొఫెసర్ జయచంద్ర థీసిస్ కట్టను బల్ల మీదికి విసిరేశాడు.

లోకేశ్వరికి ఒళ్లు మండింది. గుండు చేయించుకుంటే మనిషిలో అహం తగ్గుతుందా అన్న టాపిక్ ఇచ్చిందే ఈ మహానుభావుడు. దాని కోసం ఆమె ఎండలో తిరుమల కొండెక్కి, కల్యాణకట్ట బయట యాత్రికుల కాళ్లావేళ్లా పడి, గుండుకు ముందొకసారి, గుండయ్యాక ఒకసారి అహం కొలిచే ప్రశ్నలు అడిగి వచ్చింది. తగ్గిందనే తేలింది. థీసిస్ ఇచ్చే ముందు జరిగే సెమినార్ వచ్చే వారమే. అందులో బయటి ప్రొఫెసర్ సరేనంటేనే పీహెచ్‌డీ. పీహెచ్‌డీ వస్తేనే చిత్తూరు కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం.

“తగ్గింది గుండు వల్లనా, మొక్కు తీరినందువల్లనా, దర్శనం వల్లనా? ఎట్లా చెప్తావు? మొక్కు లేకుండా ఉత్త గుండు కొట్టించుకున్నోళ్లు కావాల. వాళ్లతో పోల్చి చూడాల. ఈ మాత్రం తెలీకుండా పీహెచ్‌డీకి వచ్చేస్తారు!”

ఆ ముక్క మొదట్లోనే చెప్పాల్సింది ఆయనే. ఇన్నాళ్లూ ఆమె రాసింది ఆయన తిరగేసి చూస్తే గదా!

“మొక్కు లేకుండా గుండు ఎవురు కొట్టించుకుంటారు సార్?”

జయచంద్ర తలుపు వైపు చూశాడు. ఆయన దగ్గర పరిశోధన చేసే మగవాళ్లు సంతకాల కోసం వరసగా నిలబడి ఉన్నారు. పాపం, వాళ్ల జుట్టు ఎప్పట్నుంచో ఆయన చేతిలోనే ఉంది.

“నాకు ఎంగేజిమెంటుండాది సార్,” అని గొణిగాడు మునిచంద్ర.

“పెండ్లినాటికి మొలుస్తాది లేప్పా.”

“నేను చర్చికి పోయేవాణ్ణి సార్. మాకు ఈ మొక్కులుండవు,” అన్నాడు దయానంద్.

“మొక్కు లేనోళ్లే నాకు కావాల్సింది. నడువు!”

ఆడవాళ్లను మాత్రం వదిలేశాడు. జాలి పుట్టి కాదు, ఇళ్లల్లోవాళ్లు వచ్చి గొడవ చేస్తారని. మగవాళ్లందర్నీ తోలుకుపోయి బస్టాండు పక్కనున్న సెలూన్లో కూర్చోబెట్టాడు. తాను మాత్రం రంగేసిన క్రాఫు సవరించుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

“సార్, గుండుకు ముందు ఒకసారి కొలవొద్దా?” అంది లోకేశ్వరి.

“కొలిచేదేంది? వయసులో ఉండే గాడిదలకు అహం ఉండక యాడికి పోతాది? అయినాక కొలువు, చాలు.”

“గుండు కొట్టించుకోనోళ్లు కూడా కొంతమంది కావాల గదా సార్?”

“అది కూడా నేనే చెప్పాల్నా? దొరికినోళ్లను పట్టుకో పో!”

సైన్సంటే ఈయనకు ఇంతే. కూరగాయల సంచీలో చేతికి దొరికింది వేసుకున్నట్టు.

మగవాళ్లు చల్లటి గుండ్లు నిమురుకుంటూ ప్రశ్నలకు జవాబులిచ్చారు. ‘నన్ను ఎవరైనా చులకన చేస్తే ఎదురు చెబుతాను’ అన్న చోట, అందరూ ‘ఎప్పుడూ లేదు’ అన్నదానికి టిక్కు పెట్టారు. లెక్క తీస్తే వాళ్ల అహం యాత్రికులకన్నా తక్కువగా తేలింది.

జయచంద్ర కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

“సూడు! మొక్కు లేదు, దర్శనం లేదు. ఉత్త బ్లేడుకే అహం పాయె! ప్రపంచంలో ఎవుడూ కనుక్కోని సంగతి ఇది. పేపరు రాయి. నా పేరు ముందు పెట్టు.”

గుండు లేని మూడో గ్రూపు మార్కులు చూపించబోతే, చేయి విదిలించాడు. “అదెవురు సూస్తారు? థీసిస్‌లో వేసెయ్.”

ఆమె వేసేసింది.

సెమినార్ రోజు బయటి నుంచి తిరుమలయ్య అనే పెద్ద ప్రొఫెసర్ వచ్చాడు. ఒక గుండు ఆయన సంచి అందుకుంది, ఇంకొకటి కాఫీ తెచ్చింది, మరొకటి ఫ్యాను వేసింది. ఆయన కళ్లద్దాలు సవరించుకుని, “డిపార్టుమెంటు మొత్తానికి మొక్కుందా ఏందప్పా?” అన్నాడు.

“సైన్సు కోసం సార్!” అని జయచంద్ర ఛాతీ విరిచాడు. మాట్లాడాల్సిన లోకేశ్వరి చేతిలోంచి మైకు లాక్కుని, గుండు గొప్పతనం తానే చెప్పుకుపోయాడు. ఎవరికో గుండు కొట్టించి తాను కిరీటం పెట్టుకునే మనిషిని చూస్తే ఆమెకు ఆ మైకు తిరిగి లాక్కోవాలనిపించింది. అయినా నోరు మూసుకుంది. నోట్లోంచి ఒక్క మాట జారినా చిత్తూరు ఉద్యోగం పోయినట్టే.

తిరుమలయ్య పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగాడు.

“జయచంద్ర గారూ, ఈ మూడో గ్రూపుకు గుండు కొట్టలేదు గదా?”

“లేదు సార్.”

“మొక్కు కూడా లేదు?”

“లేదు సార్.”

“మరి వీళ్ల అహం అందరికన్నా తక్కువుండాదే! దాదాపు సున్నా. గుండు వల్ల తగ్గిందన్న మీ మాట ఇక్కడే పడిపోయింది గదా!”

జయచంద్ర పుస్తకం లాక్కుని చూశాడు. ముఖం మాడిపోయింది. గిర్రున లోకేశ్వరి వైపు తిరిగి, అందరి ముందూ అరిచాడు.

“బుద్ధుండాదా నీకు? సిగ్గూ శరమూ, పౌరుషమూ లేని ఇట్లాంటోళ్లను యాడ పట్టుకొచ్చినావే? నీ థీసిస్ నేను పంపను. ముందు సెప్పు, ఎవురు వీళ్లు?”

లోకేశ్వరి ఆయన చేతిలోని మైకు తీసుకుంది.

“మేమే సార్. మీ దగ్గర పీహెచ్‌డీ చేసే ఆడోళ్లం.”