మచ్చికపడని డేగ

గాలిపటం దారం తగిలి రెక్క తెగిన ఒక డేగను దమయంతమ్మ తెచ్చి, కట్టుకట్టి, పెద్ద పంజరంలో ఉంచింది. గాయపడిన పక్షులను బాగుచేసి వదిలేయడమే ఆమె పని.

రెక్క మానుతున్నకొద్దీ డేగకు అనుమానం పెరిగింది. ఆమె ముసుగేసుకుని వస్తుంది. పలకరించదు. మాంసం పడేసి వెళ్ళిపోతుంది. పక్క పంజరంలోని ముసలి గుడ్లగూబతో మాత్రం ముసుగు తీసి కబుర్లు చెబుతుంది.

"మంచి చేసేవాళ్ళకి ముఖం దాచుకునే అవసరమేంటి పెద్దమ్మా?" అని డేగ అడిగింది.

"నన్ను చిన్నప్పుడు ఒళ్ళో పెట్టుకుని పెంచింది," అంది గుడ్లగూబ. "మనుషులంతా ఇలాగే మంచివాళ్ళనుకుని, బయటికి వదిలాక ఎవరో పిలిస్తే వెళ్ళి వాలాను. కర్రతో కొట్టి రెక్క విరిచారు. అప్పట్నుంచి, ఎగిరిపోవాల్సిన పక్షిని ఆమె మచ్చిక చేసుకోదు."

"ఆమె నేర్పిన మాటలే చెబుతున్నావు," అంది డేగ.

నెల తర్వాత ఒక ఉదయం పంజరం తలుపు తెరుచుకుంది. ఇదీ ఉచ్చేనేమోనని డేగ చాలాసేపు కదల్లేదు. దమయంతమ్మ ఒక్క అడుగు దగ్గరికి వేసింది. అంతే, డేగ ఆమె తల మీదుగా దూసుకుపోయి, వెనక్కి చూడకుండా కొండ దాటేసింది.

అది తనను చివరిదాకా నమ్మలేదని దమయంతమ్మకు ఎంతో తృప్తి కలిగింది. ఖాళీ పంజరం కడగడానికి నీళ్ళు తెచ్చుకుంది.