ధ్రువుడు కనపడ్డాడా?

తొంభైలో తుఫాను వెళ్ళాక బాపట్లలో చాలా రోజులు కరెంటు లేదు. ఆ చీకట్లో తోక చివర ధ్రువుడుండే ఏడు చుక్కలూ డాబా మీదికి కనపడేవి. మధ్యలోని నాలుగూ ఉన్నాయో లేవో అన్నంత మసక.

ధ్రువుడు కనపడనివాళ్ళు ఏడాది తిరక్కుండా పోతారనేది పురుషోత్తం నాయనమ్మ. నిజమో కాదో అతనికి తెలియదు. కానీ భార్య శేషారత్నానికి జ్వరం తగ్గడం లేదు. భోజనాలయ్యాక ఆమెను మెల్లగా డాబా ఎక్కించాడు. ముందు తను చూసుకున్నాడు. తోక చివర ఒంటిచుక్క, ఉంది.

"కనపడ్డాడా, రత్నం?"

"పెళ్ళిలో పట్టపగలు చూపిస్తేనే కనపడ్డాడన్నాం కదండీ!" అని నవ్వి, వేలెత్తింది. "అదిగో, ఎంత కదలకుండా ఉన్నాడో!"

ఆ వేలు దక్షిణానికి, సముద్రం వైపు ఉంది. అక్కడ చీకటి తప్ప ఏమీ లేదు.

"అటు కాదే, ఇటు" అంటూ అతను ఉత్తరానికి తిరిగాడు. మబ్బు లేదు. మసక చుక్కలు నాలుగూ ఉన్నాయి, ఆ పైన రెండూ ఉన్నాయి. తోక చివర మాత్రం ఖాళీ.

నీళ్ళు నిలిచిన పొలాల్లో కప్పల అరుపు ఒక్కసారిగా ఆగిపోయింది.

"మీకు కనపడ్డాడా అండీ?"

"కనపడ్డాడు" అన్నాడు పురుషోత్తం, పెళ్ళినాడు అన్నట్టే.