పీకేసిన మొక్కలు

"ఆగు ఎలీసమ్మా! ఎవరు పీకమన్నారు?" రాగసుధ అరుస్తూ మిరప మడిలోకి దిగింది.

ఎలీసమ్మ చేతిలో ఆకులు ముడుచుకుపోయిన మొక్క వేలాడుతోంది. "బొబ్బర తెగులమ్మా. పీక్కపోతే మడంతా అంటుకోదూ?"

"ఎన్నిటికి అంటుకుందో లెక్కపెట్టడానికే కదా ఇవి నాటింది!"

జన్యువు సవరించిన ఈ మిరపకు బొబ్బర రాదని, ఆరేళ్ల కిందట ఇదే మడిలో పండించి, రాగసుధ గైడు అనంతపద్మనాభం గారు పేపరు రాశారు. దేశదేశాల శాస్త్రవేత్తలు ఆరువందల సార్లు దాన్ని ఉదహరించారు. ఆమె మడిలో మాత్రం రెండేళ్లుగా సగం మొక్కలు ముడుచుకుపోతున్నాయి. "లోపం విత్తనంలో లేదు, నీ చేతుల్లో ఉంది. పీహెచ్‌డీ మానేసి పెళ్లి చేసుకో" అన్నారాయన మొన్న, ల్యాబులో అందరి ముందూ.

ఎలీసమ్మ కూడా గొంతు పెంచింది. "సారు పండించినప్పుడూ నేనేనమ్మా కూలికొచ్చింది. ముడుచుకున్నదల్లా పీకి పారేశా. మీ సారు పల్లెత్తు మాటన్లేదు. తిట్టేది మీరే!"

"సారు చూళ్లేదేమో."

"చూడకేం? గట్టు మీదే నిలబడ్డారుగా! మిగిలినయ్యే లెక్క రాసుకున్నారు. మడి అద్దంలా ఉంచావని చీర గూడా పెట్టారు."

 రాగసుధ ఎలీసమ్మ చేతిలోని మొక్కను తీసుకుని, అదే గుంటలో నిలబెట్టి, వేళ్ల చుట్టూ మన్ను గట్టిగా అదిమింది. మట్టిచేత్తోనే ఫోను చేసింది.

"సార్, లెక్క ఈసారి మీ ఎదురుగానే పెడతాను, రండి. అప్పుడు మీ మడిలో పనిచేసిన ఎలీసమ్మ కూడా ఇక్కడే ఉంది."