వీపు తాళ్ళు

కోట వెనక కొట్టులో కవచాల మేస్త్రి ఆఖరి కుట్టు బిగించి, నిప్పుబల్లి తోలు కవచాన్ని దీపానికెదురుగా ఎత్తి చూశాడు. బల్లెం దిగిన చిల్లు పూడిపోయింది. దీన్ని తొడుక్కున్నవాణ్ణీ, వాడి జతగాణ్ణీ మొన్ననే ఒకే గుంటలో పూడ్చారు. తెల్లారితే ఇది ఇంకొకడి ఒంటి మీదికి ఎక్కాలి.

కుట్టు నిలిచిందో లేదో తనే వేసుకుని చూడటం మేస్త్రికి అలవాటు. తొడుక్కున్నాడు. వీపు తాళ్ళు వదులుగా వేలాడాయి. వాటిని ఎవరికి వారు కట్టుకోలేరు. అందుకే యోధులు జతలుగా ఉంటారు. ఒకడు రెండోవాడి తాళ్ళు బిగించి, వీపు మీద రెండుసార్లు తట్టి, ఇక నా వంతు అన్నట్టు తన వీపు తిప్పుతాడు.

వెనక తలుపు కిర్రుమంది. తాళ్ళు ఒక్కొక్కటే బిగుసుకోసాగాయి.

"ఇంకా పడుకోలేదూ? మెల్లగా లాగవే, ఊపిరాడట్లేదు. పొద్దుటి కోపమంతా నా వీపు మీద తీర్చుకుంటావా ఏంటి?" అని నవ్వాడు మేస్త్రి.

తోలు కిరకిరలాడింది.

అంతలో మేడ మీంచి భార్య కేకేసింది. "ఎవరితోనయ్యా ఆ మాటలు? దీపం ఆర్పేసి పైకి రా!"

వెనక ఆఖరి ముడి పడింది. ఒక చెయ్యి అతని వీపు తట్టింది. ఇంకోసారి తట్టింది.

తర్వాత ఎవరో నెమ్మదిగా అటు తిరిగిన చప్పుడు.

మేస్త్రి కదల్లేదు. చాలాసేపటికి, మట్టి అంటిన తడి తాడు కొస ఒకటి వెనకనుంచి వచ్చి అతని అరచేతిని తాకింది.